మా వదిన క్రాక్ వెయ్యదు

పాత ల్యాప్‌టాప్ ఏది చేతికొచ్చినా మా వదిన ముందు దాన్ని బోర్లా తిప్పుతుంది. అందరూ మూత తెరిచి తెర బాగుందా, మీటలన్నీ పడుతున్నాయా అని చూస్తే, ఈవిడ దాని అడుగు చూస్తుంది. మా దగ్గరికొచ్చే పాత మిషన్లకి అడుగున ఒక చిన్న స్టిక్కరు ఉంటుంది. దాని మీద అక్షరాలూ అంకెలూ కలిపి పాతిక, అయిదేసి చొప్పున విడగొట్టి, భూతద్దం ఉంటే తప్ప కనబడనంత సన్నగా అచ్చేసి ఉంటాయి. దాన్ని కీ అంటారు. కంప్యూటరు నడవాలంటే లోపల ఓఎస్ ఎక్కించాలి కదా, ఆ మిషను మీద దాన్ని వాడుకోవడానికి లైసెన్సు ఆ కీయే. స్టిక్కరు ఉంటే బేరం మొదలు. లేకపోతే "స్పేర్ల కింద ఇస్తానంటే ఇవ్వండి, మిషను కింద మాత్రం వద్దు" అంటుంది. అమ్మడానికి వచ్చినవాడు ఎంత గింజుకున్నా ఆ మాట మారదు.

నేను ఆవిడ ఆడపడుచుని. ఆడపడుచు వదినని మెచ్చుకుంటే ఎవరూ నమ్మరని నాకు తెలుసు. నమ్మకపోతే మానెయ్యండి, నాకేం పోయింది! మేమిద్దరం ఒకరి మీద ఒకరం ప్రేమ ఒలకబోసుకునే రకం కాదు. ఫ్యాను ఎవరి వైపు తిప్పాలన్న దగ్గర మొదలుపెట్టి, సాయంత్రం తాళం ఎవరు వెయ్యాలన్న దాకా రోజూ మా ఇద్దరికీ ఏదో ఒక పేచీ ఉంటూనే ఉంటుంది. నాకు నోరెక్కువని ఆవిడంటుంది. ఆవిడకి అసలు నోరే లేదని నేనంటాను. రెండూ నిజమే.

షాపు మా నాన్నది. ఆయన రోజుల్లో రేడియోలూ టీవీలూ బాగుచేసేవారు. ఆయన పోయాక అన్నయ్య కొన్నాళ్ళు టీవీలు చూశాడు. జనం పాడైన టీవీని బాగుచేయించడం మానేసి కొత్తది కొనుక్కోవడం మొదలెట్టాక, వీడు బల్ల ముందు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాడు. అలా కూర్చుని కూర్చుని పాత కంప్యూటర్ల వ్యాపారంలోకి దిగాడు. అన్నయ్య చెయ్యి మంచిదే. స్క్రూడ్రైవరు పట్టుకున్నాడంటే ఎంత చచ్చిన మిషనైనా లేచి కూర్చుంటుంది. కానీ అది లేచి కూర్చున్నాక తెర మీద ఏం రాసుందో చదివే ఓపిక మాత్రం వాడికి లేదు. ఏమడిగినా 'ఓకే' నొక్కేస్తాడు. వదిన పెళ్ళికి ముందు ఒక కొరియర్ ఆఫీసులో కంప్యూటరు మీద అడ్రసులు కొట్టేది. పెళ్ళయిన కొత్తల్లో మధ్యాహ్నం క్యారియరు తెచ్చి, అన్నయ్య తినేదాకా ఊరికే కూర్చోలేక ఆ తెర మీది మాటలు చదవడం మొదలెట్టింది. అలా కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. ఇప్పుడు మిషను ఒళ్ళు అన్నయ్య చూస్తాడు, బుర్ర వదిన చూస్తుంది. గుమ్మం దగ్గర జిరాక్సు మిషనూ, వచ్చేపోయేవాళ్ళతో వాగుడూ నా వంతు. మేడ మీద ఇల్లు, అక్కడ అమ్మ ఉంటుంది.

మా వీధిలో ఇలాంటి షాపులు ఇంకా ఉన్నాయి. వాళ్ళు క్రాక్ వేస్తారు. అంటే, లైసెన్సు లేకపోయినా ఉన్నట్టు ఓఎస్‌ని మాయచేసే ఒక దొంగ ప్రోగ్రాము. గ్లాసుడు టీ తాగేలోపు పని అయిపోతుంది. వదిన వెయ్యదు. మొదట్లో ఇదేదో నీతీ నియమమూ అనుకుని, "మా ఇంట్లో ఒక జడ్జిగారు ఉన్నారండోయ్" అని నేను తెగ ఏడిపించేదాన్ని. అసలు కారణం తర్వాత తెలిసింది. ఫొటోలు తీసే ఒకాయన వేరే షాపులో క్రాక్ వేయించుకుంటే, దాని వెనకాలే ఏదో వైరస్ దూరి ఆయన కష్టమంతా నాకేసింది. చివరికి మా దగ్గరికి తెచ్చాడు. వదిన తిండీ తిప్పలూ మానేసి కూర్చున్నా ఒక్క ఫొటో బయటికి రాలేదు. ఆయన మా బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. అంత మనిషి అలా ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తోచక నేను సర్దిన కాగితాలే మళ్ళీ సర్దుతూ ఉండిపోయాను. అప్పటినుంచి ఎవరైనా క్రాక్ మాటెత్తితే వదిన "దాంతోపాటు ఇంకేం వస్తుందో మనకి తెలీదండీ" అంటుంది. ఆవిడ నోట్లోంచి వచ్చే పొడుగాటి మాటల్లో అదొకటి.

ఇక కండక్టరు గారి సంగతి.

ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. గొంతులో జబ్బు చేస్తే ఆపరేషను చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. ఆపరేషనుకి ముందే ఆస్పత్రివాళ్ళు ఆయన చేత బోలెడన్ని మాటలు చదివించి, రికార్డు చేసి, ఒక ప్రోగ్రాములో పెట్టి ఇచ్చారు. ఆయన టైపు చేస్తే అది ఆయన గొంతుతోనే పైకి చదువుతుంది. అందుకోసమే మా దగ్గర ల్యాప్‌టాప్ కొన్నారు. తమాషా ఏమిటంటే, మైకు ముందు కూర్చోబెట్టేసరికి పాపం ఆయనకి అలవాటైన గొంతే వచ్చేసింది. దాంతో ఇప్పుడు మంచినీళ్ళు కావాలన్నా, కాళ్ళు నొప్పులన్నా, నిండు బస్సులో వెనక డోరు దాకా వినబడాలన్నట్టు కేకేసి చెబుతుంది ఆ పెట్టె.

ఆయన భార్యకి చదువు రాదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. కాగితం మీద రాసి చూపిద్దామంటే ఆవిడ చదవలేదు. చేతులతో సైగ చేస్తే ఆవిడకి ఒళ్ళు మంట. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. మొగుడి మాట పెళ్ళాం చెవిన పడాలంటే ఆ ల్యాప్‌టాప్ ఒక్కటే దారి.

ఆ ల్యాప్‌టాప్‌ని తువ్వాల్లో చుట్టి చంకన పెట్టుకుని ఒకరోజు పొద్దున ఆవిడే ముందు మెట్లెక్కింది. వెనకాల కండక్టరు గారు, గొంతు చుట్టూ గుడ్డ కట్టుకుని.

"అమ్మాయ్, ఈ పెట్టె మా ఆయన మాటని మధ్యలో తెగ్గొడుతోంది," అంది వదిన ముందు దాన్ని పెట్టి. "నిన్న ఇద్దరం పోట్లాడుకుంటున్నాం. 'నీకసలు' అన్నాడు. అంతే, గప్‌చుప్. నాకసలు ఏంటో చెప్పవయ్యా అంటే, తెర చూపిస్తాడు. నాకేం తెలుస్తుంది? పోనీలే అని వంటింట్లోకి పోయాను. కాసేపటికి వెనకనుంచి 'బుద్ధి లేదు' అని కేక. ఎవర్నో తిడుతున్నాడనుకుని బయటికి పరిగెత్తుకొచ్చా. చూస్తే నన్నే!"

నేను నవ్వు ఆపుకోలేక జిరాక్సు మిషను వెనక్కి వంగాను. కండక్టరు గారు కూడా నవ్వారు, చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం కదిలాయి.

వదిన మూత తెరిచింది. తెర మీద ఉండాల్సిన బొమ్మ పోయి, వెనకంతా నల్లగా ఉంది. కండక్టరు గారు రెండు వేళ్ళతో టకటకా కొట్టారు. "ఇది ఎందుకు వస్తోంది అమ్మాయ్, నేనేం దొంగ సరుకు" అని అరిచి ఠక్కున ఆగింది. తెర మధ్యలో ఒక డబ్బా లేచింది. ఈ ఓఎస్ లైసెన్సు చెల్లదు, గడువులోగా సరిచేసుకోకపోతే లోపలికే రానివ్వం అని అందులో రాసుంది. వదిన ఆ డబ్బా మూసింది. అప్పుడు మిగిలిన ముక్క "కొనలేదే!" అని బయటికొచ్చింది.

వదిన మిషనుని బోర్లా తిప్పి, భూతద్దం పెట్టి, స్టిక్కరు మీది కీ కొట్టింది. తీసుకోలేదు. ఈ కీ వేరే మిషనుది అంది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే మాట. అప్పుడు ఆవిడ తల తిప్పకుండా "ఏమండీ, ఒకసారి ఇలా రండి" అంది. ఆ 'ఏమండీ' ఎలాంటిదో మా ఇంట్లో అందరికీ తెలుసు. వెనక గదిలోంచి అన్నయ్య స్క్రూడ్రైవరుతో సహా వచ్చి నిలబడ్డాడు.

"ఇది అమ్మింది ఎవరు?"

"నేనే. నువ్వు మీ అమ్మ కంటి ఆపరేషనుకి వెళ్ళావు చూడు, అప్పుడు."

"ఓఎస్ మళ్ళీ ఎక్కించారా?"

"ఎందుకూ? యాక్టివేటెడ్ అని తెర మీద శుభ్రంగా రాసుంటేనూ!"

"కింద కవరు?"

అన్నయ్య స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. "దీనిది పగిలిపోయింది. దీనితోపాటు వచ్చిన ఇంకో మిషను చచ్చిపోయింది కదా, దాని కవరు తీసి దీనికి బిగించా. నీట్‌గా కూర్చుంది కూడానూ."

మా అన్నయ్య తప్ప ఇంకెవరూ చెయ్యలేని పని ఇది. ఆఫీసుల్లోంచి వచ్చే ఇలాంటి పాత మిషన్లతో ఒక తంటా ఉంది. ఆ ఆఫీసువాళ్ళు అన్నిటికీ కలిపి ఒకే లైసెన్సు తీసుకుంటారు. ఒక్కో మిషనూ ఆరు నెలలకోసారైనా ఆ ఆఫీసు సర్వరుకి కనబడి హాజరు వేయించుకోవాలి. బయటికి అమ్మేశాక అది ఎక్కడ కనబడుతుంది? అయినా ఆ ఆరు నెలలూ తెర మీద యాక్టివేటెడ్ అనే, అంటే లైసెన్సు సరిగ్గా ఉన్నట్టే, చూపిస్తుంది. అందుకే వదిన ఆఫీసు మిషను ఏది వచ్చినా మొత్తం తుడిచేసి, అడుగున ఉన్న సొంత కీతో కొత్తగా ఎక్కిస్తుంది. అన్నయ్య ఆ పని ఎగ్గొట్టాడు. ఎగ్గొట్టినవాడు ఊరుకున్నాడా, కవరు మార్చి సొంత కీని కూడా మాయం చేశాడు. ఇదంతా వదిన వాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పింది. కండక్టరు గారు విని, టైపు చేశారు.

"అంటే వేరేవాడి పాసు మీద ఎక్కిందన్నమాట!" అంది మిషను, వీధి వీధంతా వినబడేలా. ఆయన అన్నయ్య వంక చూసిన చూపుకి, వాడు పాసు లేనివాడిలాగే తల దించుకున్నాడు.

"సరే, ఫార్మాట్ కొట్టి, అంతా తుడిచేసి కొత్తగా ఎక్కించేద్దాం, గంట పని," అన్నాడు అన్నయ్య, తప్పు సర్దుకోబోతూ.

వదిన అప్పటికే ఆ గొంతు ప్రోగ్రాము తెరిచి చూస్తోంది. చాలాసేపు చూసింది. నాకు విసుగొచ్చి "ఏంటి వదినా?" అన్నాను.

"ఫార్మాట్ కొడితే ఇది పోతుంది," అంది. "దీన్ని చేసిన కంపెనీ మూతపడింది. మళ్ళీ ఎక్కించాలంటే వాళ్ళ అనుమతి కావాలి. అడగడానికి అక్కడ ఎవరూ లేరు."

కొత్త ఓఎస్ మీద ఆ ప్రోగ్రాము నడవదు. ఈ పాత ఓఎస్‌కి కీలు అమ్మడం ఎప్పుడో ఆపేశారు, కొందామన్నా దొరకవు. ఇలాగే వదిలేస్తే గడువు తీరిన రోజున మిషను మూసుకుపోతుంది. అన్ని వైపులా తలుపులు బిగిసిపోయాయి. నాకు అర్థమైన మాట ఒక్కటే, ఈ లైసెన్సు సరికాకపోతే ఈ మనిషి గొంతు రెండోసారి పోతుంది.

"ఇంకేం ఆలోచిస్తావ్, క్రాక్ వేసి పారెయ్యి!" అన్నాను. "ఈ ఒక్కసారికి. ఎవరేమన్నారు నిన్ను?"

తల అడ్డంగా ఊపింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మొండితనానికి కూడా ఒక హద్దుండాలి కదా!

"అదేదో వేసెయ్యమ్మా," అంది కండక్టరు గారి భార్య కూడా. "దొంగదైతే నాకేం, దొరదైతే నాకేం."

"వేస్తే మీ ఆయన గొంతు ఉంటుందో పోతుందో నేను చెప్పలేను పిన్నిగారూ," అంది వదిన. "పోతే మళ్ళీ తేలేను. ఉంటుందని మీకు అబద్ధం చెప్పి వెయ్యలేను."

కండక్టరు గారు మిషను మూత తనే మూసి, వదిన వైపు జరిపారు.

వాళ్ళు వెళ్ళాక పగిలిన పాత కవరు కోసం వెనక గదంతా తిరగేశాం. దాని మీద ఈ మిషను సొంత స్టిక్కరు ఉండాలి. అన్నయ్య ఏ వస్తువూ పారెయ్యడు, అదొక్కటే మా ధైర్యం. తెరలు దొరికాయి, మీటల పలకలు దొరికాయి, నాన్న కాలం నాటి రేడియో గుండీలు కూడా దొరికాయి. కవర్లు మాత్రం ఒక్కటీ లేవు. ఈ చప్పుడంతా విని అమ్మ మెట్ల మీదనుంచి "ఏం పోగొట్టుకున్నార్రా?" అని కేకేసింది.

"ల్యాప్‌టాప్ కవరమ్మా. నల్లది, పల్చగా, ఇంత ఉంటుంది."

"ఆ నల్ల పళ్ళేలా? నా కుండీల కింద ఉన్నాయిగా!"

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకుని మేడెక్కాం. బాల్కనీలో అమ్మ పూలకుండీలు వరసగా ఉన్నాయి. ఒక్కో కుండీ కింద ఒక్కో ల్యాప్‌టాప్ కవరు, నిండా బురద నీళ్ళు. "గచ్చు మీద మరకలు పడుతున్నాయని తెచ్చుకున్నాను. పారేసినవేగా!" అంది అమ్మ. అన్నయ్య పగులు చూసి తన కవరు ఏదో గుర్తుపట్టాడు. వదిన దాన్ని తీసి, కొంగుతో అద్ది, వెలుతురులోకి పట్టింది. స్టిక్కరు ఉంది. మొదటి మూడు ముక్కలూ కనబడుతున్నాయి. మిగిలిన రెండూ నీళ్ళకి నాని, తెల్లగా పోయాయి.

"అయ్యయ్యో, వాటి మీద గొంతులున్నాయని నేను కలగన్నానా?" అంది అమ్మ సంగతి తెలిశాక, బిక్కమొహం వేసుకుని.

"మీ తప్పేం లేదత్తయ్యా," అంది వదిన. అన్నయ్యని ఏమీ అనలేదు. అనకపోవడమే వాడికి ఎక్కువ శిక్ష. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు వెధవ.

ఇక మిగిలిన దారి ఒక్కటే. ఆ ఓఎస్ చేసిన కంపెనీవాళ్ళకి ఫోను చెయ్యడం. పాతవాటిని చూసే ఫోను లైను ఒకటి వాళ్ళకి ఇంకా ఉంది. అది దొరకడమే గగనం. వదిన పని చేసుకుంటూనే ఫోను స్పీకరులో పెట్టి పక్కన ఉంచేది. రోజంతా దాంట్లోంచి ఒకటే పాట, గుయ్యిమని. కస్టమర్లు "ఇదేం రేడియో?" అని అడిగేవారు. నాలుగు రోజులు అలాగే నడిచింది.

మిషను మా దగ్గరే ఉంది. ఫోను ఎప్పుడు దొరికినా చేతికి అందుబాటులో ఉండాలనీ, ఆన్ చేస్తే ఏ పూట మూసుకుపోతుందోననీ వదిన ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. కండక్టరు గారి భార్య మాత్రం రోజూ వచ్చేది. వచ్చి, దాని పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేది.

"ఎలా ఉంది పిన్నిగారూ ఇంట్లో?" అని నేనే కదిపేదాన్ని.

"ఎలా ఉంటుంది, హాయిగా ఉంది! అడ్డమాడేవాడు లేడు, అరిచేవాడు లేడు. ఇన్నాళ్ళకి చెవులకి విశ్రాంతి దొరికింది," అనేది. అని, సాయంత్రం దాకా అక్కడే కూర్చునేది. హాయిగా ఉన్న ఇంటికి పోదేం ఈవిడ అనుకునేదాన్ని నేను.

ఒక మధ్యాహ్నం ఆ పాట ఆగి, ఒక అమ్మాయి గొంతు వచ్చింది. వదిన చేతిలో పని వదిలేసి, ఫోను ముందుకి లాక్కుంది. మిషను ఎక్కడనుంచి వచ్చింది, కవరు ఎలా మారింది, స్టిక్కరు ఎంతవరకు కనబడుతోంది, ఏదీ దాచకుండా చెప్పింది. మిషను లోపలి అసలు పలక, మదర్‌బోర్డు మీది సీరియల్ నంబరు కూడా చదివింది. ఆ అమ్మాయి టకటకా ఏవో కొట్టుకుంది.

"మీరు చెప్పినవి సరిపోతున్నాయి మేడమ్. కీ పోయిన మిషన్లకి బదులు నంబరు ఇచ్చే వీలుంది. కాకపోతే ఇప్పుడు మిషను ఎవరిదో, వారే స్వయంగా లైనులోకి వచ్చి నాదే అని చెప్పాలి."

అన్నయ్య కండక్టరు గారి కోసం పరిగెత్తాడు. పరిగెత్తడం అంటే మామూలు పరుగు కాదు, చెప్పులు కూడా షాపులోనే వదిలేశాడు. ఆయన భార్య ఎలాగూ స్టూలు మీదే ఉంది. వాళ్ళొచ్చేదాకా వదిన ఆ అమ్మాయిని అటూ ఇటూ పోనివ్వకుండా ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. మా వదిన అంత సేపు మాట్లాడటం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

కండక్టరు గారు ఆయాసపడుతూ వచ్చి కూర్చున్నారు. వదిన మిషను ఆన్ చేసింది.

"ఆయన నోటితో మాట్లాడలేరమ్మా. టైపు చేస్తే కంప్యూటరు చెబుతుంది," అంది ఫోనులో.

"ఫర్వాలేదు మేడమ్."

"ఈ మిషను నాదే. నేనే కొన్నాను!" అంది ల్యాప్‌టాప్, బస్సు గొంతుతో.

ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "మేడమ్, ఇది రికార్డింగు లాగా ఉందండీ. రికార్డు చేసిన గొంతు మేము తీసుకోకూడదు. మనిషే మాట్లాడాలి."

"మనిషే తల్లీ! మా కళ్ళ ముందే ఉన్నాడు మనిషి!" అని నేను ఒంటికాలి మీద లేచాను. వదిన చెయ్యెత్తి నన్ను ఆపింది.

"మీరే ఏదైనా మాట చెప్పండమ్మా. ఆయన అదే తిరిగి చెబుతారు," అంది.

"సరే మేడమ్. ఈ రోజు ఎండగా ఉంది అని చెప్పమనండి."

కండక్టరు గారు గబగబా కొట్టారు. "ఈ రోజు ఎండగా" అంది మిషను. ఆ పాడు డబ్బా లేచింది. మాట తెగింది. వదిన చటుక్కున దాన్ని మూసింది. ఎవరూ మీట ముట్టుకోకుండానే "ఉంది" అని ఇంకో కేక వచ్చింది.

"చూశారా మేడమ్," అంది ఆ అమ్మాయి, నొచ్చుకుంటున్నట్టే. "ఎవరో పక్కనుండి వేస్తున్నట్టు తెలిసిపోతోంది. సారీ మేడమ్, నేనేమీ చెయ్యలేను. ఇంకేమైనా సహాయం కావాలా?"

అది వాళ్ళు ఫోను పెట్టేసే ముందు అడిగే మాట. వదిన నోరు తెరిచేలోపే కండక్టరు గారి భార్య స్టూలు మీదనుంచి లేచి, ఫోను రెండు చేతులా పట్టుకుంది.

"అమ్మా, పెట్టెయ్యకు. నేను ఆయన పెళ్ళాన్ని. నాకు చదువు రాదు, నీ రూల్సూ తెలీవు. నువ్వన్నది నిజమే, అది రికార్డింగే. ఆయన గొంతు కోసి తీసేశారు. మిగిలింది ఈ పెట్టెలో ఉన్నదే. ఇన్నేళ్ళూ కాస్త నోరు మూసుకోవయ్యా అని నేనే కసిరేదాన్ని. ఇల్లు హాయిగా ఉందని వీళ్ళందరికీ చెబుతున్నాను. అబద్ధం. నాలుగు రోజులుగా ఇంట్లో నా గొంతు ఒక్కటే వినబడుతుంటే నాకు భయమేస్తోంది. అన్నం పెట్టనా అంటే తలూపుతాడు. ఒంట్లో బాగుందా అంటే తలూపుతాడు. తలూపితే అది మాటెలా అవుతుందమ్మా? ఏం తోస్తోందో, ఏం బాధగా ఉందో నాకెలా తెలుస్తుంది? మనిషి ఎదురుగా ఉన్నాడు, మాట లేదు. ఆ గొంతు ఎవరిదో నీకు తెలీదేమో, నాకు తెలుసు. ఎన్ని బస్సులు ఆగున్నా ఆ కేక వినే నేను వెళ్ళి ఎక్కేదాన్ని. ఆయనదేనమ్మా అది. నా మాట నమ్ము."

అన్నయ్య గుమ్మం దగ్గర ఒట్టి కాళ్ళతో నిలబడి నేల చూపులు చూస్తున్నాడు. నేనైతే ఏడ్చేశాను, చెప్పడానికి నాకేం సిగ్గు? కండక్టరు గారు మీటల మీద చేతులు పెట్టుకుని ఆవిడ వంకే చూస్తున్నారు.

వదిన మెల్లగా ఫోను తీసుకుంది. "అమ్మా, ఈ మిషను అమ్మింది మా షాపు. తప్పు మాది. ఆయన పక్కనే ఉన్నారు, గొంతు ఆయనదే. దీనికి నాది పూచీ. రేపు ఏదైనా తేడా వస్తే నన్నే అడగండి, నా షాపు అడ్రసు రాసుకోండి," అంది.

ఆ అమ్మాయి అడ్రసు రాసుకుని "ఒక్క నిమిషం మేడమ్, మా పైవాళ్ళతో మాట్లాడతాను" అంది. మళ్ళీ ఆ గుయ్యిమనే పాట. ఆ పాటని అంత భయంగా, అంత శ్రద్ధగా విన్నవాళ్ళు లోకంలో ఇంకెవరూ ఉండరు.

పాట ఆగింది. "రాసుకోండి మేడమ్," అంది ఆ అమ్మాయి. వదిన రాసుకోలేదు, వింటూ నేరుగా కొట్టింది. ఒక్కో ముక్కా కొట్టి, తిరిగి చదివి వినిపించి, తర్వాతది కొట్టింది. చివరి ముక్క అయ్యాక ఎంటర్ నొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తెర మీది నలుపు పోయింది. యాక్టివేటెడ్ అని వచ్చింది. ఒకసారి ఆ మాటకి మోసపోయిన షాపు కాబట్టి, వదిన మిషను ఆపి, మళ్ళీ వేసి, లోపలికి వెళ్ళి అది ఎవరి లైసెన్సో చదివి, అప్పుడు గానీ ఫోనులో ఆ అమ్మాయికి థాంక్స్ చెప్పలేదు.

"ఇంక తెగదు. మాట్లాడండి బాబాయ్ గారూ," అంది మిషను ఆయన వైపు తిప్పి.

కండక్టరు గారు చాలాసేపు కొట్టారు. కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టారు. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఒక్క ముక్క చదవలేని ఆ తెర వంకే చూస్తూ నిలబడింది.

"ముక్కూ మొహం తెలీని పిల్లని అంతలా బతిమాలావెందుకే!" అంది మిషను, షాపంతా దద్దరిల్లేలా. "పోతే పోయేది! నీ మాట నాకు వినబడుతూనే ఉందిగా! నాకు చాలు!"

"నీకు చాలుతుందయ్యా," అంది ఆవిడ. "నాకు చాలొద్దూ?"

వదిన లేచి, నా రెక్క పట్టుకుని, అన్నయ్యకి కళ్ళతో సైగ చేసి, మమ్మల్ని బయటికి లాక్కొచ్చింది. వెనకాలే షట్టరు సగం దించింది. పట్టపగలు, బేరాల వేళ, ముగ్గురం మా షాపు మెట్ల మీదే పరాయివాళ్ళలా కూర్చున్నాం. లోపలినుంచి ఒకసారి ఆయన కేక, ఒకసారి ఆవిడ గొంతు, మళ్ళీ ఆయన కేక. ఏమనుకుంటున్నారో వినాలని నేను చెవి అటు పెట్టబోతే వదిన నా తల ఇటు తిప్పింది.

జిరాక్సుకి ఒకాయన కాగితాలు పట్టుకుని వచ్చాడు. సగం దించిన షట్టరు చూసి, "మూసేశారా?" అన్నాడు.

"లేదండీ, కాసేపాగి రండి," అంది వదిన. "లోపల మాట్లాడుకుంటున్నారు."